తడబాటు సూచి

మూడో పీరియడ్ మొదలయ్యేసరికి గోడమీది తడబాటు సూచి పలక పచ్చగా ఉంది. దూలాల ల్యాబులో పిల్లలంతా దూలాన్ని బరువుతో విరిచి చూసే యంత్రం చుట్టూ నిలబడ్డారు, ప్రతి ఒక్కరి చెవిలోనూ చెవిపూస. సుభాషిణి ప్రశ్న అడుగుతుంది. విద్యార్థి నోరు తెరిచేలోగా పూస జవాబు అందిస్తుంది. ఎవరైనా తడబడితే పలక ఎర్రబడుతుంది. ఎరుపు ఎక్కువైతే సుభాషిణి లాంటి బోధక శ్రేణి వాళ్లకు ఉద్యోగంలో కొనసాగింపు ఉండదు. పరిశోధన చేసే శోధక శ్రేణి వాళ్లకు ఈ పలక బాధే లేదు. వాళ్లు పాఠం చెప్పరు, చెప్పేవాళ్లకు మార్కులు వేస్తారు.

"ఈ దూలం ఎక్కడ పగులుతుంది, ఎలీషా?"

"ఆనింపు దగ్గర, దూలం చివర ఆనే చోట, ఏటవాలుగా అండి."

"దూలం వైపు చూశావా అసలు?"

ఎలీషా తల దించుకున్నాడు. "లేదండి. ఈ పూస తీసేస్తే నాకేం రాదు మేడమ్. వచ్చే నెల ఉద్యోగంలో చేరగానే పైవంతెనల డిజైన్ల మీద ఆమోద ముద్ర నాదే పడుద్దంట. భయమేస్తందండి."

పలక మాత్రం పచ్చగానే ఉంది. సుభాషిణికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ పచ్చదనానికేనా తను జీతం తీసుకుంటున్నది? సిమెంటు కలిపే బకెట్ తెచ్చి మధ్యలో పెట్టింది.

"పూసలు ఇందులో వెయ్యండి."

ఒక్కొక్కరే వేశారు. ఆమె యంత్రం మీదికి ఇంకో దూలం ఎక్కించింది. "ఇది ఎక్కడ పగులుతుంది?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పలక ఎర్రబడింది. శాఖాధిపతి పురుషోత్తం గొంతు స్పీకరులో వినబడింది.

"సుభాషిణి గారూ, మీ గది ఎర్రగా ఉంది. రేపే మీ కొనసాగింపు నిర్ణయం. పిల్లలకు పూసలు ఇచ్చేయండి."

"ఇవ్వనండి. వంతెన కూలిన రోజు కూడా మీ పలక పచ్చగానే ఉంటుంది, సార్. అప్పుడు దాన్నే చూపిస్తారా జనానికి?"

స్పీకరు టక్కున ఆగిపోయింది.

"నడిమధ్యలో అండి, కింద వైపు," అన్నాడు ఎలీషా చివరికి.

సుభాషిణి మీట నొక్కింది. బరువు పెరిగింది. దూలం పెళ్లుమని ఆనింపు దగ్గరే, ఏటవాలుగా పగిలింది. ఎలీషా మొహం మాడిపోయింది. కాసేపటికి వాడే మోకాళ్ల మీద కూర్చుని పగులులోకి తొంగి చూశాడు. వేలు పెట్టి సిమెంటు పెళ్ల రాల్చాడు.

"మేడమ్, ఇక్కడ లోపలి ఇనప రింగులు మరీ దూరం దూరంగా కట్టారండి. అందుకేనా?"

మిగతావాళ్లూ చుట్టూ వంగారు. ఒకరు కాదన్నారు, ఒకరు ఔనన్నారు. పలక ఎరుపూ కాక, పచ్చా కాక, వెలవెలబోయింది. గదిలో ప్రశ్న పుడితే ఏ రంగు చూపాలో దానికెవరూ నేర్పలేదు.

"రేపు మీరుంటారా మేడమ్?" అడిగాడు ఎలీషా.

"తెలీదురా. నేను లేకపోతే దూలం నువ్వే ఎక్కించు."

గంట కొట్టింది. వాళ్లు వాదించుకుంటూనే వెళ్లిపోయారు. ఖాళీ గదిలో, నిండు బకెట్లో, చెవిపూసలన్నీ సరైన జవాబు గొణుగుతూనే ఉన్నాయి.