మొదలుపెట్టే ముందు చూడాలండి

“ఇవాళ అవదండి. రేపు రండి.”

కొత్తపేట బస్టాండు పక్కన నెట్ సెంటర్ నడిపే మణికంఠ ఆ మాట అనగానే ప్రశాంతి కళ్లు చిన్నవయ్యాయి.

“ఎందుకవదండీ? కరెంటుంది, నెట్టుంది. అటుపక్క సిస్టమ్ మీద ఆయనెవరో హాయిగా సినిమా బొమ్మలు చూసుకుంటున్నారు కూడా!”

“అప్లికేషన్ మొదలుపెట్టే ముందు బ్రౌజర్ సరిపోద్దో లేదో చూసుకోమని ఆ బ్యాంకు సైట్లోనే రాసేరండి. చూసేను. వాళ్లకి పాత వెర్షన్ కావాలంట, నా దగ్గరున్నవన్నీ కొత్తవి. తెలీకుండా మొదలెడితే మధ్యలో ఆగిపోద్ది. మళ్లీ మీ పేరుతో తెరుచుకోదండి.”

అది 2008 జూలై. బ్యాంకు పరీక్షకు అప్లికేషన్ పెట్టడానికి ఇంకా మూడు రోజులే గడువుంది. ఈసారి రాయకపోతే సంబంధం ఖాయం చేసేస్తానని ప్రశాంతి తండ్రి పెదబాబు ముందే చెప్పేశాడు.

“మీ నంబరు ఇస్తే, రెడీ అవగానే ఫోన్ చేస్తానండి,” అన్నాడు మణికంఠ.

వచ్చిందీ అసలు సంగతి, అనుకుంది ప్రశాంతి. బ్రౌజర్ లేదు, గీజర్ లేదు. ఇదంతా నంబరు కోసమే!

“నంబరెందుకు లెండి. నేనే వస్తాను.”

మర్నాడు వెళ్లేసరికి షట్టర్ వేసి ఉంది. ఆమె అనుమానం రెట్టింపైంది. విసవిసా రోడ్డు దాటి ఇంకో సెంటర్‌కి వెళ్లింది. అక్కడ తన ముందున్న అమ్మాయికి అదే అప్లికేషన్ నింపుతున్నారు. మార్కులు, అడ్రసు అన్నీ కొట్టాక ఆఖరి పేజీ తెల్లగా ఉండిపోయింది. మళ్లీ తెరిస్తే, ఈ పేరుతో ఇప్పటికే ఒకటి మొదలైందని వచ్చింది. ఆ అమ్మాయి ఏడుపు మొహంతో లేచింది.

“రండమ్మా, మీరు కూర్చోండి,” అన్నాడు సెంటర్ ఆయన.

“బ్రౌజర్ చూసేరా అండీ?”

“అదేంటమ్మా?”

ప్రశాంతి సర్టిఫికెట్ల కవరు గుండెలకు హత్తుకుని బయటపడింది. వాన అందుకుంది. అప్పుడే అమలాపురం బస్సు దిగిన మణికంఠ, తను తడుస్తూ చొక్కా లోపల ఏదో దాచుకుని పరుగెత్తుకొస్తున్నాడు.

“సీడీ అండి! పాత వెర్షన్. అమలాపురంలో మా ఫ్రెండ్ దగ్గర దొరికింది.”

“నా కోసమే వెళ్లేరా?”

“అబ్బే, ఇంకా చాలామంది వస్తారు కదండీ,” అని వానవైపు చూశాడు.

ఆ చూపు మీదా ఆమెకు అనుమానమే. కానీ ఎందుకో కోపం రాలేదు.

సీడీ వేసి, ముందు బ్రౌజర్ సరిచూసే పేజీ తెరిచి, అంతా సరిగ్గా ఉందని ఆమెకు చూపించాకే మణికంఠ అప్లికేషన్ మొదలుపెట్టాడు. “పాస్‌వర్డ్ మీరే కొట్టండి,” అని లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తడిసిన అతని వీపు చూస్తూ ప్రశాంతి రెండుసార్లు తప్పు కొట్టింది. మొత్తానికి అప్లికేషన్ నంబరు వచ్చింది. ప్రింటు చేతిలో పెడుతూ, “రేపు ఓసారి రండి. స్టేటస్ చూడాలి,” అన్నాడు.

మర్నాడు ఆమె వచ్చింది. వెనకాలే పెదబాబు.

“ఏమయ్యా, నిన్ననే అయిపోయిందంట కదా? మళ్లీ ఎందుకు రమ్మన్నావు మా అమ్మాయిని?”

మణికంఠ మౌస్ వదిలేసి లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

“ఆయ్, అయిపోయిందండి. ఇవాళ పనేం లేదు. మీ అమ్మాయిని ఇంకోసారి చూడొచ్చని అబద్ధం చెప్పేను. తప్పేనండి.”

“చూసేవా!” అని పెదబాబు కూతురివైపు తిరిగాడు.

“నాకు తెలుసు నాన్నా. ప్రింటులోనే పూర్తయిందని ఉంది.”

“తెలిసీ నన్నెందుకు లాక్కొచ్చేవే?”

ప్రశాంతి తల వంచుకుంది. “మీరు కూడా ఓసారి చూస్తారనండి.”

పెదబాబు కాసేపు ఆమెను చూశాడు. అతన్ని చూశాడు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, కండువా దులిపి కూర్చున్నాడు.

“ఏ ఊరు బాబూ మీది?”

“మురమళ్ళండి.”

“ఊఁ. నాన్నగారి పేరు?”