పన్నెండింటికి చేతులు మారే తాళంచెవి

“ఈ ఏడు కొల్లేట్లో నీళ్ళెలా ఉన్నాయండీ?”

“మోకాటి లోతేనండీ.”

కోడ్ కలిసింది. ఏలూరు బస్టాండులో మామిడి తాండ్ర అమ్మేవాడి వేషంలో ఉన్న చీఫ్ సుబ్బారావు, ఏజెంట్ సుమయ్య చేతిలో ఓ పొట్లం పెట్టాడు.

“నీటిగాలి అని ఓ సాఫ్ట్‌వేర్ ఉందమ్మా. చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గితే నీళ్ళు చిలికే ఏరేటర్లు తిప్పుతుంది. ఓపెన్ సోర్స్. ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. పదకొండు వేల చెరువులు దాన్నే నమ్ముకున్నాయి.”

“ప్రమాదం ఎవరితో సార్?”

“ఓ విదేశీ ముఠా. మన చేపల్ని ఒక్క దెబ్బకి చంపి, తమ సరుకు దింపాలని చూస్తోంది. సాఫ్ట్‌వేర్ రాసిన రూబెన్ ఇవాళ మీటింగు పెట్టి, వచ్చే ఏడాది ప్లాన్ ఖరారు చేసి, మధ్యాహ్నం పన్నెండింటికి పెన్‌డ్రైవ్ లాంటి రిలీజ్ కీ వేరేవాళ్ళకి అప్పగిస్తాడు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పంపిన అప్‌డేట్ ప్రతి చెరువుకీ వెళ్తుంది. మీటింగులో ముఠా మనిషి ఒకరున్నారు. ఆడో మగో తెలీదు.”

గూఢచారికి ఓపిక ఉండాలంటారు. సుమయ్యకు అదొక్కటే తక్కువ. బస్సు కదిలేదాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది.

చెరువు గట్టు మీద రూబెన్ మకాం. మీటింగు అక్కడే. డాక్యుమెంటేషన్ వాలంటీరు వేషంలో సుమయ్య మినిట్స్ టైపు చేస్తోంది. పొట్లంలోని పెన్ను కెమెరా బ్యాటరీ పదకొండున్నరకే చచ్చింది. డిపార్ట్‌మెంటు కొనే సరుకు అలాగే ఏడుస్తుంది మరి.

ఎదురుగా స్పాన్సర్ కంపెనీ తరఫున వచ్చిన ఇందుజ. పట్టు చీర, ఎత్తు మడమల చెప్పులు, నవ్వితే ఎవరైనా సంతకం పెట్టేస్తారు. సుమయ్య కళ్ళన్నీ ఆమె మీదే. ఆమె పక్కన నిత్యానందం. ఉండి ఊరి చేపల రైతునని చెప్పుకుంటాడు, రెండేళ్ళుగా నీటిగాలిలో బగ్గులు దిద్దుతున్నాడు. కీ అతనికే.

“మా నాన్న చెరువులో చేపలన్నీ ఒక్క పొద్దున తేలిపోయాయండీ. ఇంకెవరికీ అలా జరక్కూడదని రాశాను. ఐదేళ్ళయింది, కంటి మీద కునుకు లేదు. ఇక నా వల్ల కాదు,” అన్నాడు రూబెన్. సుమయ్యకు ఆ మనిషి మీద జాలేసింది.

ప్లాన్ నిత్యానందమే రాసుకొచ్చాడు. తెలుగు మెనూ, వాతావరణం డేటా, ఒక్కోదానికీ రూబెన్ చూడకుండానే “సరే” అంటున్నాడు. పన్నెండుకు రెండు నిమిషాలు. రూబెన్ కీని నిత్యానందం చేతిలో పెట్టేశాడు.

సుమయ్యకు ఒళ్ళు మండింది. “ఏవండీ, చదవకుండా సరే అంటే ఎలాగండీ? ఏడో అంశం వినండి. ఏరేటర్లు నడిపే ప్రతి కంట్రోలరూ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఆగి, అప్‌డేట్ చూసుకుని, ఐదింటికి మొదలవ్వాలి.”

“అప్పుడందరూ నిద్రలో ఉంటారు కదండీ. ఎవరికీ ఇబ్బంది లేదు,” అన్నాడు నిత్యానందం.

రూబెన్ మొహం పాలిపోయింది. “నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటేది అప్పుడేనండీ. గంటసేపు ఏరేటర్ ఆగితే చెరువు చెరువే పోతుంది. ఆ వేళకి నిద్రపోయే చేపల రైతుని నేనెక్కడా చూడలేదు. అసలు మీరెవరండీ?”

నిత్యానందం కీని ల్యాప్‌టాప్‌లో గుచ్చి మీట నొక్కాడు. అప్‌డేట్ ముందే సిద్ధం చేసుకున్నాడు. స్క్రీన్ మీద అప్‌లోడ్ శాతం తొంభై ఒకటి, తొంభై ఐదు. సుమయ్య గోడకున్న రౌటరును వైర్లతో సహా పీకి చెరువులోకి విసిరింది. అంకె తొంభై తొమ్మిది దగ్గర ఆగింది.

నిత్యానందం గుమ్మం వైపు పరిగెత్తాడు. ఇందుజ చెప్పు అడ్డం పెట్టింది. బోర్లాపడ్డవాడి మెడకు ఆమె హ్యాండ్‌బ్యాగులోని పిస్తోలు ఆనింది.

“ముఠా జీతం తీసుకుంటూ మన డిపార్ట్‌మెంటుకి పని చేస్తున్నానండీ. ముఠా పంపిన మనిషెవరో నాకూ చెప్పలేదు. నా సంగతి సుబ్బారావుగారు మీతో అనలేదా?”

“అనలేదండీ,” అంది సుమయ్య పళ్ళు కొరుకుతూ.

పోలీసులు వచ్చి వెళ్ళారు. రూబెన్ కీని గుప్పిట్లో పట్టుకుని చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“మరి వచ్చే ఏడాది నీటిగాలిని ఎవరు చూస్తారండీ? ప్లాను పూర్తిగా చదివింది మీరొక్కరే,” అన్నాడు సుమయ్యతో.

సుమయ్య ఇందుజ వైపు చూసింది. ఆమె గోళ్ళు చూసుకుంటోంది. సుమయ్య చెయ్యి చాచి రూబెన్ దగ్గర కీ అందుకుంది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “మిషన్ అయిపోయినట్టేనా, అమ్మా?”

“ఇంకో ఏడాది ఉంది సార్,” అంది సుమయ్య, బగ్గుల జాబితా తెరుస్తూ. “జీతం మాత్రం లేదట.”