ఏడాది మైల

పొద్దున్నే మహాలక్ష్మమ్మ కోడల్ని గడప ముందు కూర్చోబెట్టి బొట్టు పెట్టేది. రెండు నెలలుగా అది ఆ ఇంట్లో ముఖం కడుక్కోవడం లాంటి పని అయిపోయింది. కుంకం భరిణె ఎడమచేత్తో పట్టుకుని, ఉంగరపు వేలితో కాసులమ్మ నుదుట ఇంత బొట్టు దిద్ది, ఆ తర్వాతే చేపల తట్ట నెత్తికెత్తుకునేది.

"ఎడం సేతికి గాజులు తగ్గినాయి. గాజులోడొస్తే ఏయించుకో. మగడున్న ఆడదానివి, బోసి సేతుల్తో తిరక్కు" అంది ఆవేళ కూడా.

"అలాగే అత్తా" అంది కాసులమ్మ తలెత్తకుండా.

పెరట్లో అంట్లు తోముతున్న కూతురు నూకరత్నం ఆ మాట విని, చేతిలో కొబ్బరిపీచుతో తపేలా అడుగుని అవసరానికి మించి రుద్దింది. చూరు కింద వల బాగుచేసుకుంటున్న మామ సూరన్న తన భార్య మహాలక్ష్మమ్మకేసి ఒకసారి చూసి, మళ్లీ వలలోకి తల దించుకున్నాడు.

వైశాఖంలో వాయుగుండం పట్టినప్పుడు జాలరిపేట నుంచి వేటకెళ్లిన మూడు పడవల్లో రెండే తిరిగొచ్చాయి. రాని పడవలో నలుగురున్నారు. ఇద్దరి శవాలు భీమిలి అవతల ఇసకలో దొరికాయి. ఇంకొకడి కోసం చూసి చూసి, ఇంటివాళ్లు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించేశారు. నాలుగోవాడు ఎల్లారావు. సూరన్న, మహాలక్ష్మమ్మల కొడుకు, రత్నానికి అన్న, కాసులమ్మకి పెళ్లయి మూడేళ్లయిన మొగుడు.

"సముద్రం మూడ్రోజులు దాసుకుంటాది. నాలుగో నాడు ఇచ్చేస్తాది. ఇవ్వలేదంటే ఉంచేసుకున్నట్టే లచ్చిమీ. పిల్లోడికి సెయ్యాల్సింది సేసేద్దాం" అన్నాడు సూరన్న పదకొండో రోజున.

మహాలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. ఆమె కళ్ల ముందు తవిటయ్య ఉన్నాడు. పదేళ్ల కిందట తవిటయ్య ఇలాగే గాలివానకి కొట్టుకుపోయి, ఒరిస్సా ఒడ్డున తేలి, నలభై రోజులకి నడుచుకుంటూ పేటకొచ్చాడు. అప్పటికే అతనికి కర్మ చేసేశారు. పిండం తిన్నవాడు మళ్లీ ఇంట్లో కూడు తినకూడదని పెద్దలు అడ్డుపడ్డారు. ఇప్పటికీ పేట చివర పాకలో ఒక్కడే ఉంటాడు. పెళ్లికీ పేరంటానికీ పిలుపుండదు.

"తొందరపడి బతికున్నోడికి పిండం పెట్టి, రేపు నా కొడుకుని ఆ తవిటయ్య పక్కన పాకేసి కూకోబెడతారేటి?" అని అడిగింది. కర్మ ఆగిపోయింది.

జూన్‌లో ఇంటర్ ఫలితాలొచ్చాయి. రత్నం ఫస్టు క్లాసులో పాసైంది. పేటలో అంతవరకు చదివిన ఆడపిల్ల అదే మొదలు. చిన్నప్పుడు వాన పడితే ఎల్లారావే చెల్లెల్ని భుజం మీద కూర్చోబెట్టుకుని, పుస్తకాల సంచీ తన తలపాగాలో చుట్టి బడికి దింపొచ్చేవాడు. "నా సెల్లి బి.ఎస్సీ సదువుతాది, సూడండి" అని పడవ మీద అందరికీ చెప్పేవాడట.

మేనత్త పోతమ్మ వచ్చి మెల్లగా అంది. "సావింట ఏడాది దాకా కొత్త పని ముట్టుకోకూడదు వదినా. గుంటని ఈ ఏడు ఆపు. వొచ్చే ఏడు సేరుతాది."

"ఎవరింట సావు? నీ ఇంటనా?" అంది మహాలక్ష్మమ్మ.

పోతమ్మ లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి రత్నం కాలేజీ చదువు, చదువు కాకుండా పోయింది. అది చేరితే ఎల్లారావు బతికున్నట్టు, ఆగితే పోయినట్టు.

ఆగాలని ఉంది రత్నానికి. పుస్తకం తెరిస్తే అక్షరాల మీద నీళ్లు కదిలినట్టు ఉండేది. కానీ ఆ ఇంట్లో ఏడవడానికి లేదు. ఒకసారి పెరట్లో వెక్కుతుంటే తల్లి వచ్చి, "ఇంట సావుగొంతేటే? ఎవుడు పోనాడని?" అని నోరు నొక్కేసింది. మూడుసార్లు చెప్పబోయింది, "అమ్మా, ఈ ఏడు నాను సేరను" అని. మూడుసార్లూ తల్లి చేపల తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. చివరికి ఎవరికీ చెప్పకుండా, అప్పటికే దరఖాస్తు పెట్టిన కాలేజీ ప్రిన్సిపాలుకి ఒక ఉత్తరం రాసి పోస్టు చేసింది. కారణం ఏదో ఒకటి రాయాలి. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఉన్నదే రాసింది.

ఆవేళ మహాలక్ష్మమ్మ బేరం తొందరగా అయి పదకొండింటికే ఇంటికొచ్చింది. వెనకాలే పోస్టుమాన్ వచ్చి, "కాలేజీ నుంచి కార్డు, మీ అమ్మాయికి" అని ఇచ్చి వెళ్లాడు. రత్నం అప్పుడు వీధి కుళాయి దగ్గరుంది.

మహాలక్ష్మమ్మ ముఖం వెలిగింది. కార్డుని చీరచెంగుతో తుడిచి కోడలి చేతిలో పెట్టింది.

"సదువే కాసులూ. గట్టిగా సదువు. ఈదంతా వినాల. మా గుంటకి కాలేజీయే ఉత్తరం రాసినాది."

చేపలు ఎండబెడుతున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లు నాలుగడుగులు ఇటు వేశారు. కాసులమ్మ అయిదో తరగతి చదివింది. అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివే అలవాటు. మాట నోట్లోంచి బయటికొచ్చాక గాని అదేం మాటో ఆమెకి తెలియదు.

"చి...రం...జీవి నూక...రత్నానికి. నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య ఎల్లా...రావు..."

మొగుడి పేరు నోటితో పలికినందుకు నాలిక కరుచుకుంది. పొరుగావిడ నవ్వింది. "పర్లేదులే, ఉత్తరంలోది గదా" అంది.

"...సముద్రంలో మ...ర...ణిం...చాడని తెలిసి..."

వేలు అక్కడే ఆగింది.

కుళాయి దగ్గర్నుంచి వస్తున్న రత్నం కార్డుని చూసింది, వదిన పెదవుల్ని చూసింది. చంకలో బిందె జారి రాళ్ల మీద పడింది. "వదినా, సదవకు" అంది. ఆ మాట బిందె చప్పుడులో కలిసిపోయింది.

కాసులమ్మ మళ్లీ వేలు కదిపింది. "...చాలా బాధపడ్డాను. ఏడాది మైల కారణంగా ఈ సంవత్సరం చేరలేనని రాశావు. నీ మార్కులు చూశాను. వచ్చే జూలైలో వస్తే నీ సీటు సంగతి నేను చూస్తాను. మీ అమ్మగారికి, వదినగారికి ధైర్యం చెప్పు. ఇట్లు, గౌరీశ్వరి, ప్రిన్సిపాల్."

మొత్తం చదివి, కార్డుని గడప మీద పెట్టింది. పొరుగువాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

మహాలక్ష్మమ్మ కూతురి జుట్టు పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది.

"మీ అన్నని నీ సేత్తో సంపీసినావు గదే. సముద్రం సెయ్యలేని పని నువ్వు కలంతో సేసినావు."

"ఉన్నదే రాసినాను."

"ఏటున్నాది? నువ్వు సూసినావా? ఆడు రేపొచ్చి, అమ్మా, సెల్లి కాలేజీకెల్తందా అని అడిగితే నానేటి సెప్పాల? నువ్వు సచ్చినావనుకుని మానిపించీసినాను నాయినా అని సెప్పాలా?"

"ఆడు రాడమ్మా."

చెంప మీద దెబ్బ పడింది. 

"కొట్టు. రెండు నెల్లయినాది మా అన్న పోయి. ఒక్కరోజు ఏడవనిచ్చినావా నన్ను? నాకు కాలేజీ ఒద్దనలేదు. ఒక్క ఏడు ఆగుదామనుకున్నాను. ఆడి కోసం ఏడవడానికి నాకు ఒక్క ఏడు కూడా ఒద్దేటి?"

"ఒగ్గీ లచ్చిమీ" అన్నాడు సూరన్న గుమ్మంలోంచి. "సిన్నపిల్ల. అదొక్కతే నోరిప్పినాది మనింట్లో."

"నువ్వూ ఆ మాటే అంటావు. మీరందరూ కలిసి ఆడికి పిండం ఒండుతన్నారు."

గడప దగ్గర కూర్చున్న కాసులమ్మ అప్పుడు మాట్లాడింది. ఆ ఇంట్లో ఆమె గొంతు వినిపించడమే తక్కువ.

"అత్తా, రోజూ నువ్వు నాకు బొట్టెడతన్నావు. ఎట్టినప్పుడల్లా నీ సెయ్యి ఒణుకుతాది. ఆడొస్తాడని నీకు నమ్మకముంటే, సెయ్యి ఎందుకొణుకుతాది?"

మహాలక్ష్మమ్మ గడప మీది కార్డు తీసి చెంగున ముడేసుకుంది. "రేపు పొద్దున్న నాను కాలేజీకి ఎల్తాను. ఈ గుంట రాసింది అబద్దమని సెప్పి సేర్పించి వొస్తాను. ఎవురాపుతారో సూస్తాను" అంది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు తల్లీ కూతురూ బస్సులో వెళ్లారు. మహాలక్ష్మమ్మ పండగలకి కట్టే నీలం చీర కట్టుకుంది.  బస్సులో పక్క సీటావిడ చేపల వాసనకి ముక్కు మూసుకుంటే, ఎప్పుడూ నాలుగు మాటలు దులిపే మనిషి, ఆవేళ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ప్రిన్సిపాల్ గది ముందు చాలామంది ఆడపిల్లలు, వాళ్ల నాన్నలు వరసలో ఉన్నారు. గంటన్నర తర్వాత పిలుపొచ్చింది. గౌరీశ్వరి గారు యాభై ఏళ్ల మనిషి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ "కూర్చోండమ్మా" అంది. మహాలక్ష్మమ్మ కూర్చోలేదు. కార్డు బల్ల మీద పెట్టింది.

"అమ్మగారూ, ఈ గుంట మీకు అబద్దం రాసినాది. మా ఇంట మైలా లేదు, ఏటీ లేదు. నా కొడుకు సావలేదు. దీన్ని సేర్సుకోండి."

రత్నం నేల చూపులు చూస్తూ నిలబడింది. ఈవిడ కూడా అందరిలాగే జాలిగా చూస్తుంది, పోయినవాళ్లు తిరిగి రారమ్మా అంటుంది, అమ్మ ఈవిడ మీదా విరుచుకుపడుతుంది అనుకుంది.

గౌరీశ్వరి గారు గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మయ్య" అంది. "ఆ ఉత్తరం చదివినప్పట్నించీ నా మనసు మనసులో లేదమ్మా. నాకూ ఆ వయసు కొడుకున్నాడు. ఎంత చల్లని మాట చెప్పారు. అబ్బాయి క్షేమంగా ఉన్నాడన్నమాట. ఇప్పుడెక్కడున్నాడు?"

మహాలక్ష్మమ్మ నోరు తెరిచింది.

రెండు నెలలుగా ఆమె పేటంతటితోనూ పోట్లాడింది. పోయాడన్న ప్రతివాళ్లకీ ఆమె దగ్గర జవాబుంది. ఉన్నాడని నమ్మినవాళ్లు ఒక్కరూ లేరు, భర్తా నమ్మలేదు, కూతురూ నమ్మలేదు. ఇప్పుడు ముక్కూముఖం తెలియని ఈ మనిషి ఒక్క మాటతో నమ్మేసి, ఆనందంగా ముఖంలోకి చూస్తోంది. ఆ నమ్మినామెకి చెప్పడానికి ఒక్క ఊరి పేరు లేదు.

"ఎక్కడైనా పనిలో ఉన్నాడా అమ్మా?" అని మళ్లీ అడిగింది ఆవిడ, వినపడలేదేమో అనుకుని.

"సముద్రంలో" అంది మహాలక్ష్మమ్మ.

"వేటకెళ్లాడా? ఎప్పుడొస్తాడు?"

మహాలక్ష్మమ్మ చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. పట్టుకున్న చేతులు వణికాయి. ఆ వణుకు కేసి తనే చూసుకుంది, ఇంకెవరి చేతులో అన్నట్టు.

"రాడమ్మగారూ" అంది. "నా కొడుకు రాడు. ఈ గుంట రాసిందే నిజం. ఈ ఏడు దీన్ని ఆపీయండి. మాకు మైల."

గౌరీశ్వరి గారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి వచ్చింది. మహాలక్ష్మమ్మ వెనక్కి జరిగింది.

"ముట్టుకోకండి. మైలని సెప్పినాను గదా. వొచ్చే ఏడు ఈ పిల్లకి సీటుంటాదా? అది సెప్పండి సాలు."

"ఉంటుందమ్మా. నేనుంటాను. తీసుకురండి."

వరండాలోకి వచ్చి మూడు స్తంభాలు దాటేదాకా మహాలక్ష్మమ్మ మామూలుగానే నడిచింది. నాలుగో స్తంభం దగ్గర నేల మీద కూలబడి, "నాయినా ఎల్లయ్యా, నా కొండా" అని ఏడుపెత్తుకుంది. అడ్మిషన్లకి వచ్చిన పిల్లలు, పుస్తకాలు గుండెలకి హత్తుకుని అలాగే నిలబడిపోయారు. రెండు నెలలపాటు ఆ గొంతులో ఎక్కడ దాక్కుందో ఆ ఏడుపు, రత్నానికి భయమేసింది. పక్కన కూర్చుని తల్లి వీపు మీద చెయ్యి వేసింది. తన కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఆపుకోవడం అలవాటైపోయింది.

చాలాసేపటికి మహాలక్ష్మమ్మ తలెత్తి కూతురి చెంప తడిమింది. నిన్న కొట్టిన చోట.

"నోరు నొక్కినాను గదే నీది. ఏడు గుంటా. ఏడు. మీ అన్న పోనాడు. నానింక అడ్డం రాను."

అప్పుడు ఏడ్చింది రత్నం. తల్లి ఒళ్లో తల పెట్టుకుని, బడి వదిలాక అన్న కోసం వానలో ఎదురుచూసే చిన్నపిల్లలా ఏడ్చింది.

గేటు బయటికి వచ్చేసరికి బస్సు వచ్చి ఆగింది. రత్నం తల్లి చెయ్యి పట్టుకుని ఎక్కించబోతే మహాలక్ష్మమ్మ వెనక్కి లాక్కుంది.

"ఒద్దు. మైలోలం. పదిమందిని రాసుకుంటూ ఎల్లకూడదు. నడిసి పోదాం."

"సానా దూరమమ్మా."

"నడుద్దాం. ఇంటికెల్లి నీ వదినకి నా నోటితో నానే సెప్పాల. దానికి ఏ మాట ముందు సెప్పాలో, ఏటి సెప్పాలో, దార్లో ఆలోసించుకోవాల."

బస్సు వెళ్లిపోయింది. మధ్యాహ్నపు ఎండలో తల్లీ కూతురూ రోడ్డు వారగా, ఎవరికీ తగలకుండా, సముద్రం వైపు నడిచారు. ఎదురొచ్చేవాళ్లు చూస్తున్నా ఇద్దరిలో ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.