పాత స్టూడియోలో ఎక్కిళ్ళు

ఆ రేడియో స్టేషన్‌లో పాత స్టూడియో పేరెత్తితే చాలు, మాట మార్చేసేవాళ్ళట. ఎప్పుడో ఒక గాయని మైకు ముందే ప్రాణం వదిలిందనీ, పొద్దు వాలాక అక్కడ ఎవరో గొంతు సవరించుకుంటారనీ...

"సవరించుకోనీ పాపం, పాడదు కదా!" అనేది వార్తలు చదివే ఆవిడ.

అలాంటావిడకి ఒక మధ్యాహ్నం పట్టుకున్నాయి — ఎక్కిళ్ళు.

నీళ్ళు తాగింది. పంచదార మింగింది. ఊహూఁ! ఏడింటికి వార్తలు. "ముఖ్యాంశా... ఎక్!" అంటే ఉద్యోగం ఉంటుందా? ఆఫీసంతా వంతులేసుకుని వచ్చి "భౌ" మన్నారు. కుక్కలు సిగ్గుపడాలి. ఫలితం మాత్రం సున్నా.

"ఇలా కాదమ్మాయ్," అన్నాడు సౌండు చూసే పెద్దాయన. అందరికీ ఆయన బాబాయే. "వస్తోందని తెలిస్తే ఒళ్ళు ఉలిక్కిపడదు. బుర్రకి కబురందేలోపే ఒంటికి తగలాలి. ఆ దెబ్బకి ఊపిరి ఆగి, ఎక్కిళ్ళు పోతాయి... పాత స్టూడియోకి వెళ్ళు."

"ఒక్కదాన్నా... ఎక్... బాబాయ్?"

"ఇద్దరెళ్తే దాన్ని షికారంటారు."

ఏడింటికి పావుగంట ఉందనగా వెళ్ళింది. తలుపు వెనకే మూసుకుంది. కిటికీ లేదు, లైటు లేదు. గోడల నిండా చప్పుడు మింగే దూది — తన గుండె తన చెవిలోనే కొట్టుకుంటోంది.

ఎక్... ఎక్...

చీకట్లో ఏదో కదిలింది. కాళ్ళీడ్చుకుంటూ... దగ్గరగా...

వెచ్చగా, మెత్తగా — భుజానికి తగిలింది!

అంతే. మెడ భుజాల్లోకి దిగిపోయింది, కళ్ళు మూసుకుపోయాయి, చెయ్యి ఆవిడ్ని అడక్కుండానే లేచి ఛెళ్ళుమనిపించింది. "చచ్చాన్రోయ్!" అన్నదెవరో చూసే ఓపిక లేదు. ఒక్క దూకులో బయటపడింది.

ఎక్కిళ్ళు మాయం! వార్తలు గుక్క తిప్పుకోకుండా చదివేసింది.

చదివి బయటికొచ్చేసరికి వరండాలో డైరెక్టరుగారు, రెండు చేతుల్తో మొహం కప్పుకుని వణికిపోతున్నారు. మధ్యాహ్నం భోంచేసి, ఫోన్ల బాధ పడలేక ఆ గదిలోనే కునుకు తీస్తే, పొద్దు వాలిందే తెలియలేదట.

"దెయ్యమయ్యా! ఎక్కిళ్ళు పెడుతూ వచ్చింది! పారిపోదామని లేచి దానికే తగులుకున్నాను!"

బాబాయ్ పైకప్పు వంక చూశాడు. మిగతావాళ్ళు నవ్వాపుకోలేక దగ్గారు.

"అయ్యో... కొట్టిందా సార్?" అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు.

ఆయన చేతులు తీశారు. ఎడమ చెంప మీద ఐదు వేళ్ళు. కుడి చెంప మీద — ఐదు వేళ్ళు.

ఆవిడ కొట్టింది ఒక్కటే.

"రెండూ... ఒకేసారా సార్?"

"లేదమ్మా. ఒకటి కొట్టి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. హమ్మయ్య, పోయిందిలే అనుకున్నాను..." ఆయన గొంతు తగ్గించారు. "రెండోది అప్పుడు పడింది."