మూడు కొడితే తొక్కు, ఒకటి కొడితే ఆగు

గోదావరిఖని. సాయంత్రం నాలుగు పది.

ఏజెంట్ సదానందం ఫోన్ మెరిసింది. "బొగ్గు తడిసింది."

అంటే విదేశీ ముఠా ఆరింటికి కరెంటు ప్లాంటును పేల్చబోతోంది. ముఠా మనుషుల ఫొటోలున్న పెన్‌డ్రైవ్ అతని జేబులో ఉంది. ఐదున్నరకల్లా గోదావరి వంతెన అవతల ప్లాంట్ సెక్యూరిటీకి చేర్చాలి.

కారెక్కి బ్రేక్ తొక్కాడు. పెడల్ నేలకంటింది. దిగి చూస్తే వెనక చక్రం కింద బ్రేక్ ఆయిల్ మడుగు. ఎవరో చక్రం వెనకున్న నిపుల్ మరను వదులు చేశారు.

బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు నిపుల్ తిప్పాలి. మూడేళ్లుగా ట్యూషన్ మాస్టర్ వేషంలో ఈ క్వార్టర్‌లో ఒక్కడే. ఆ కారులో రెండో మనిషి ఎన్నడూ కూర్చోలేదు.

"ఏంది సారూ, ఒక్కలే తిప్పలవడుతున్నరు?"

రమ. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. పక్క సందులో దిగి నెల. తండ్రి మందమర్రి గనిలో తాడుతో బొగ్గు టబ్బులు లాగే హాలేజ్ ఆపరేటర్ అని చెప్పింది. ఈ ఊళ్లో అతన్ని రోజూ పలకరించేది ఆమె ఒక్కతే.

"పెడల్ తొక్కుతవా? పానాతో కొడత. గనిల హాలేజ్‌కు కొట్టే గంటల లెక్కనే."

"నాకు తెల్వదా?"

అతను కొత్త ఆయిల్ పోసి, నిపుల్‌కు ట్యూబు తగిలించి, దాని కొస సీసాలో ముంచాడు. పానాతో మూడు కొట్టాడు. ఆమె తొక్కింది. నిపుల్ తిప్పాడు. బుడగలు వచ్చాయి. ఒకటి కొట్టాడు.

ఆమె కాలు తీసేసింది. ట్యూబులో ఆయిల్ వెనక్కి పాకింది. హాలేజ్ గంటల్లో ఒకటంటే ఎక్కడిదక్కడ ఆగడం; ఆపరేటర్ బిడ్డకు అది తెలియకుండా ఉండదు.

అతను కారు కింద పడుకునే నిపుల్ బిగించాడు. ఆమె అబద్ధమని తెలియడం కన్నా, రేపటి నుంచి పలకరింపు ఉండదని తెలియడమే బరువుగా ఉంది.

"రమా, ఒకటి కొడితే ఏం చెయ్యాలె?"

కారులోంచి హ్యాండ్‌బ్యాగ్ జిప్పు చప్పుడు.

తాళంచెవి మీది ఎర్ర బటన్ నొక్కాడు. కారు తలుపులు బిగుసుకున్నాయి. ఏసీలోంచి మత్తు గ్యాస్. ఆమె చేతిలోని పిస్టల్ జారింది.

అద్దాలు దించి గ్యాస్ పోనిచ్చాడు. బేడీలు వేసి ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఎదురింటి లస్మవ్వను పిలిచాడు.

"గీ పిల్లెవలు బిడ్డా?"

"చుట్టం. నిద్రవోతున్నది."

మూడు కొట్టాడు. ముసలికాలు తొక్కింది. ఒకటి కొట్టాడు. కాలు కదల్లేదు.

"ఎట్ల తెలుసవ్వా?"

"మా ముసలాయన హాలేజ్ నడపలే? ఒకటంటే ఆగుడే. ఇంకోసారి కొట్టు, జల్ది."

నాలుగు చక్రాలూ అయ్యేసరికి ఐదు పది. పెడల్ రాయిలా నిలబడింది. ఐదు ఇరవై ఎనిమిదికి వంతెన అవతల, ప్లాంట్ సెక్యూరిటీ జీపు ముందు కారు జానెడు దూరంలో ఆగింది. పెన్‌డ్రైవ్ చేతులు మారింది.

మూడేళ్లలో ఆ కారులో అతనితో ఒకరు ప్రయాణించడం అదే మొదటిసారి. బేడీలున్నా, తోడు తోడే.