ఎవరి సీటు వాళ్ళదే

పైలట్ శవం పంట కోసేసిన పొలంలో దొరికింది. పారాషూట్ మడత విప్పనే లేదు. విమానం తోక ఒకచోట, ముక్కు ఇంకోచోట పడ్డాయి.

విమానం వెనక కట్టిన ఎర్రగుడ్డ మాత్రం దూరంగా కంచె మీద వాలి ఉంది. దానికి ఒక్క చిల్లు కూడా లేదు.

గన్నర్లు కొట్టాల్సింది ఆ గుడ్డను. కూలింది విమానం.

ఫైరింగ్ రేంజిలో అది ఎప్పుడూ జరిగే పనే. చిన్న విమానం ఒకటి పొడవాటి తీగ చివర గొట్టంలాంటి గుడ్డను కట్టుకుని ఆకాశంలో అడ్డంగా పోతుంది. కిందనుంచి గన్నర్లు ఆ గుడ్డే శత్రు విమానం అనుకుని కాలుస్తారు. తీగ అంత పొడుగున్నాక పైలట్‌కు భయమేమిటని అందరి ధీమా.

చనిపోయింది సైనికుడు కాదు. కిరాయికి విమానం నడిపే సివిలియన్. అందుకే మూడు రోజుల తర్వాత కేసు పోలీసుల దగ్గరికి వచ్చింది. వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ను డిపార్ట్‌మెంట్‌లో అందరూ నత్త అంటారు. ఎదురుగానే అంటారు. ఆయన్ని ఒక ప్రశ్న అడిగి, వెళ్ళి టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చినా జవాబు ఇంకా దారిలోనే ఉంటుందని ఆయన డ్రైవరే చెబుతుంటాడు.

రేంజి అధికారి మేజర్ కేసును వండి వార్చి సిద్ధంగా ఉంచాడు.

"గన్ ఎడమ సీట్లో కూర్చున్న గన్నర్ చంపాడు. పైలట్ అతని బావమరిదే. వారం క్రితం క్యాంటీన్లో ఇద్దరూ కొట్టుకోబోయారు. 'ఈసారి గుడ్డను కాదు, నిన్నే కొడతా' అని ఇతను అరిచాడు. క్యాంటీనంతా విన్నది. రేంజిలో ఇతన్ని మించిన గురి ఎవరికీ లేదు. ఇంకేం కావాలి?"

నత్త చాలాసేపు ఆలోచించాడు. టీ కావాలన్నాడు.

సాయంత్రం అయిదింటికి జైలు వ్యాన్ వస్తుందని మేజర్ చెప్పాడు. ఈలోపు ఇన్‌స్పెక్టర్ ఊ అంటే చాలు.

గన్నర్‌ను గార్డు రూములో ఉంచారు. నలభై దాటిన మనిషి. రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"కావాలని కొట్టావా?"

"లేదు సార్."

"కాల్చేటప్పుడు నీ కళ్ళెక్కడున్నాయి?"

"గురి చూసే సైట్లో. గుడ్డ మీద. గుడ్డను రింగు అంచుకు తెచ్చాను. కాల్చే పెడల్ తొక్కాను."

"గుడ్డను మధ్యలో కదా పెట్టాలి?"

గన్నర్ మొదటిసారి తలెత్తి ఆయన వంక జాలిగా చూశాడు. చిన్న పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. గుండు పైకి వెళ్ళడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆలోపు విమానం ముందుకు పోతుంది. పరిగెత్తే కుక్కను రాయి పెట్టి కొట్టాలంటే కుక్క ముందుకు విసరాలి. అందుకే సైటు మధ్యలో ఒక గుర్తు, చుట్టూ ఇనుప రింగు ఉంటాయి. టార్గెట్‌ను రింగు అంచు మీద పెడితే, గన్ దానంతటదే టార్గెట్‌కు అంత ముందుకు గురి పెడుతుంది.

"ఎంత ముందుకో ఎవరు లెక్కగడతారు?"

"రింగు చేసినవాళ్ళు. ఇది కొత్త గన్ సార్. కొత్త రింగు. లెక్కంతా ఇంజనీరు గారిది. పెట్టమన్నచోట పెట్టడం నా పని."

"క్యాంటీన్లో గొడవ ఎందుకు?"

"అంతకుముందు ట్రయల్లో గుండ్లు వాడి తోక దగ్గర పేలాయట. 'బావా, నువ్వు కొట్టేది గుడ్డనా, నన్నా?' అని అందరి ముందూ అడిగాడు. ఆ రోజు గుడ్డకు ఒక్క చిల్లు పడలేదు. నా సర్వీసులో అలా ఎప్పుడూ జరగలేదు. అసలే ఒళ్ళు మండి ఉన్నాను. నోరు జారాను."

అతను మళ్ళీ చేతులకేసి చూసుకోసాగాడు.

గన్నర్ భార్య క్వార్టర్స్‌లో వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించిన జాడ లేదు. చుట్టుపక్కలవాళ్ళు తెచ్చిపెట్టిన గిన్నెలు మూతలు తీయకుండానే ఉన్నాయి. పోయినవాడు ఆమె తమ్ముడు. పట్టుబడ్డవాడు ఆమె మొగుడు. ఏ వైపు తిరిగి ఏడవాలో కూడా తెలియని స్థితి పగవాళ్ళకైనా వద్దని నత్తకు అనిపించింది.

తమ్ముడికి విమానం పిచ్చి పట్టించింది ఈయనేనని ఆమె చెప్పింది. రేంజిలో ఆ ఉద్యోగం వేయించిందీ ఈయనే. క్యాంటీన్లో గొడవ పడ్డ సాయంత్రమే ఇద్దరూ ఇదే గడప మీద కూర్చుని ఒకే కంచంలో తిన్నారు. ఆ సంగతి ఏ అధికారీ ఆమెను అడగలేదు.

"సార్, నాకు ఒక్కటి చెప్పండి చాలు," అంది. "ఈయన కావాలని కొట్టాడా? అవునంటే ఆ మొహం నేనిక చూడను. కాదంటే ఇంటికి పంపండి. రెంటికీ మధ్య నేను బతకలేను."

నత్త జవాబు చెప్పలేదు. ఆమె తొందరపెట్టలేదు.

మధ్యాహ్నం ఆయన గన్ దగ్గరికి వెళ్ళాడు. ప్రమాదం జరిగిన ఘడియ నుంచీ దానికి సీలు వేసి కాపలా పెట్టారు. మేజర్ చేసిన మంచి పని అదొక్కటే. ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోయే గన్ అది. నిలబెట్టాక చక్రాలు పైకి లేస్తాయి, నాలుగు ఇనుప కాళ్ళు నేలను పట్టుకుంటాయి. గొట్టానికి ఎడమ ఒక సీటు, కుడి ఒక సీటు. ఎడమ సీటువాడు గన్‌ను పక్కలకు తిప్పుతాడు. కుడి సీటువాడు పైకీ కిందికీ ఎత్తుతాడు. ఎవరి సైటు వాళ్ళకుంది.

దాన్ని తయారుచేసిన ఇంజనీరు వెంట వచ్చాడు. మాట చురుకు, నడక చురుకు. కన్నబిడ్డను చూపించినట్టు చూపించాడు. పాత గన్లు నెమ్మదిగా పోయే విమానాల నాటివట. ఇప్పటి విమానం చెట్ల ఎత్తున మెరుపులా వచ్చి, చప్పుడు వినపడేలోపే వెళ్ళిపోతుందట. ఈ గన్ పుట్టిందే అలాంటివాటి కోసమట.

"సైటులో లోపమేమైనా ఉందా?" అని నత్త అడిగాడు.

"ప్రమాదం మీద సైన్యం వేసిన కమిటీ చూసిందండీ. గొట్టంలోంచి చూసినా, సైటు మధ్యలోంచి చూసినా ఒకే చుక్క కనపడింది. వెంట్రుకవాసి తేడా లేదు."

"ఏ సైటు చూసింది?"

"ఎడమది. నేరం చేసినవాడు కూర్చున్నది అక్కడే కదా."

నత్త తలాడించాడు. ఇంజనీరు వెళ్ళిపోయాడు. నత్త మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఎడమ సీటెక్కి సైటులో కన్ను పెట్టాడు. దూరంగా నీళ్ళ ట్యాంకు, పక్కన చెట్టు కనిపించాయి. రెండూ రింగులో ఇమిడాయి. ఎండ మాడు పగలగొడుతోంది. కుడి సీటు నీడలో ఉంది. దిగి అటు ఎక్కాడు. జేబులోంచి బిస్కట్ తీసి నములుతూ, ఊరికే ఉండలేక ఆ సైటులోకీ చూశాడు.

నమలడం ఆగిపోయింది.

అదే నీళ్ళ ట్యాంకు. రింగులో ట్యాంకు ఒక్కటే పట్టింది. చెట్టు బయట ఉంది.

దిగాడు. ఎడమ సీటెక్కాడు. మళ్ళీ దిగి కుడి సీటెక్కాడు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఆగలేదు. కింద డ్రైవర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ మనిషి ఒక్క పూటలో అన్నిసార్లు కదలడం అతను ఎన్నడూ చూడలేదు.

తర్వాత ఆయన కుడి సీటు గన్నర్‌ను పిలిపించి కాసేపు మాట్లాడాడు. అందరినీ నాలుగున్నరకు గన్ దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. గన్నర్ భార్యకు కూడా.

మేజర్ వాచీ చూసుకుంటూ వచ్చాడు. ఇంజనీరు నవ్వుతూ వచ్చాడు. గన్నర్‌ను బేడీలతో తెచ్చారు. భార్య అతనికి ఆమడ దూరంలో నిలబడింది.

"మేజర్ గారూ, ఎడమ సీటెక్కండి. రింగులో ఏం కనపడుతున్నాయి?"

"నీళ్ళ ట్యాంకు. చెట్టు."

"ఇప్పుడు కుడి సీటు."

మేజర్ విసుక్కుంటూనే ఎక్కాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. "ట్యాంకు ఒక్కటే," అన్నాడు.

"ఒకే గన్‌కు రెండు కొలతల రింగులు. ఎడమది పెద్దది. కుడిది చిన్నది. ఇన్ని రోజులూ ఎందుకు తెలియలేదు?"

నత్త కుడి సీటు గన్నర్ వైపు తిరిగాడు. "నువ్వెప్పుడైనా ఎడమ సీట్లో కూర్చున్నావా?"

"లేదు సార్. ఎవరి సీటు వాళ్ళదే. సీటు ఎత్తు, పెడల్ దూరం మనిషికి తగ్గట్టు బిగించుకుంటాం. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చుంటే కొట్లాటలవుతాయి."

"మీరు కూర్చోరు. కమిటీ ఒక్క సీట్లోనే కూర్చుంది. చూసింది కూడా రింగు మధ్యనే. రింగు పెద్దదైనా చిన్నదైనా మధ్య మధ్యే కదా." నత్త ఆగాడు. "ట్రయల్ రోజు పొద్దున మీరు వచ్చేసరికి గన్ దగ్గర ఎవరున్నారు?"

"ఇంజనీరు గారు. నా వైపు. చేతిలో స్పానర్ ఉంది. నట్టు బిగిస్తున్నానన్నారు. తర్వాత చూస్తే నా రింగు కాస్త చిన్నదనిపించింది. విమానం ఒకే ఎత్తులో పోతుంటే నా చేతికి పెద్ద పనుండదు సార్. అడగలేదు."

ఇంజనీరు నవ్వు ఎప్పుడో ఆరిపోయింది.

నత్త మిగతాది తనే చెప్పాడు. మెల్లగానే చెప్పాడు. గన్ మెరుపు విమానాల కోసం పుట్టింది. రింగులూ వాటి లెక్కకే చేశారు. కానీ ట్రయల్లో గుడ్డను లాగేది నెమ్మదైన చిన్న విమానం. పెద్ద రింగు అంచు మీద గుడ్డను పెట్టి కొడితే గుండు గుడ్డను దాటి చాలా ముందుకు పోతుంది. గుడ్డకు ముందు ఉండేది పైలట్. మొదటి ట్రయల్లో గుండ్లు తోక దగ్గర పేలాయి. పైలట్ బావను తిట్టాడు. ఇంజనీరుకు మాత్రం తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. గుట్టుగా చిన్న రింగులు చేయించాడు. తెల్లవారుతూనే వచ్చి, గార్డు రూముకు కనపడని కుడివైపు ముందు మార్చాడు. ఎడమవైపు మార్చేలోపే గన్నర్లు వచ్చేశారు.

"ఆ రోజు గన్ కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళకు బాగా కనపడాలని విమానాన్ని ఇంకా నెమ్మదిగా పొమ్మన్నది ఎవరు?"

"నేనే," అన్నాడు మేజర్, నేల చూస్తూ.

"ఎంత నెమ్మదిగా పోతే గుండు అంత ముందు పడుతుంది. పోయినసారి తోక తప్పించుకుంది. ఈసారి తప్పించుకోలేదు."

"చంపాలనుకోలేదు," అన్నాడు ఇంజనీరు. "ట్రయల్ ఆపమంటే గన్‌లో తప్పుందని వాళ్ళ ముందు ఒప్పుకున్నట్టే. పోయినసారి ఏం కాలేదు కదా, ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను."

"అది అనుకోకుండా జరిగిందనే నేనూ నమ్ముతాను. కానీ ఆ తర్వాత మూడు రోజులు? ఈ మనిషి నేరస్థుడని కమిటీ ముందు చెప్పారు. అదీ అనుకోకుండానే చెప్పారా?"

అయిదింటికి వ్యాన్ వచ్చింది. ఖాళీగా పోలేదు. గన్నర్ చేతుల బేడీలే విప్పి ఇంజనీరుకు వేశారు.

అందరూ వెళ్ళిపోయాక గన్ దగ్గర ముగ్గురే మిగిలారు. భార్య మెల్లగా నడిచి వచ్చి గన్నర్ పక్కన నిలబడింది. ఇంటికి పోదాం రా అంది. అతను కదల్లేదు. ఎడమ సీటుకేసి చూస్తున్నాడు.

"సార్, ఒకటి అడగనా?"

నత్త ఆగాడు.

"ఆ ట్రయల్‌కు నన్నే కూర్చోబెట్టారు. నా గురి తప్పదని. నేను కాస్త గురి తప్పి ఉంటే వాడు బతికేవాడా?"

"లేదు," అన్నాడు నత్త. "ఆ రింగుతో ఎవరు కొట్టినా అంతే."

గన్నర్ గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. చేతులు తుడుచుకుని, రోడ్డు వైపు నడక మొదలుపెట్టాడు.

భార్య వెంటనే కదల్లేదు. ఆ పొద్దున తను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఈ మనిషికి ఒక పగలంతా పట్టింది. మొగుడు అడిగినదానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఆమె ఇన్‌స్పెక్టర్ కళ్ళలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"ఆయనకు ఆ నిజం ఎప్పుడూ చెప్పకండి సార్," అని, ఆమె మొగుడి వెనకే గబగబా నడిచింది.