తోడల్లుడి బకిల్

"ఈ ఫౌండ్రీ లోహం చిటికెన వేలి గోరంత బయటికి పోయినా మన ఫైటర్ ఇంజన్ల రహస్యం పోయినట్టే," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా దగ్గరా స్పెక్ట్రోమీటర్ ఉంది. ముక్క మీద ఒక్క స్పార్క్ ఇస్తే చాలు. ఆ వెలుగులోంచి ఏ లోహం ఎంత కలిసిందో చదివేస్తారు."

ఏజెంట్ నీడ తల ఊపాడు. ఈసారైనా విమానం ఎక్కేది తనే అనుకున్నాడు.

"అందుకే వాళ్లకి నకిలీ ముక్క అంటగడదాం. అమ్ముడుపోయిన సైంటిస్టు వేషంలో హీరో వెళ్తాడు. బేరం కుదిర్చేది మేడమ్. నీడా, నువ్వు ఇక్కడే ఫౌండ్రీ లాబ్‌లో స్పెక్ట్రోమీటర్ సర్వీస్ ఇంజనీర్‌వి. తేడా వస్తే కోడ్: గొడుగు చిరిగింది."

హీరో అంటే స్వయానా నీడ తోడల్లుడు. పెద్దల్లుడు తానైనా అత్తగారింట్లో సోఫా మధ్య సీటు వాడిది. ఆఫీసులో చీఫ్ పక్క కుర్చీ వాడిది. ఇప్పుడు మేడమ్ కూడా వాడి పక్షమే. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ ఆవిడ. ఆ నవ్వంతా హీరో వైపే. వెళ్లేవాడికి శుభమంటూ "ప్లాటినం పూత" బెల్టు బకిల్ బహుమతిచ్చింది. నీడ వైపు ఓ కీచైన్ విసిరింది. నీడ దాన్ని జేబులో కుక్కుకున్నాడు.

ప్రయాణం రోజు హీరో లాబ్ వెనక గదిలో దొంగ గడ్డం అతికించుకుంటున్నాడు. బెల్టు కుర్చీ మీద ఉంది.

'ప్లాటినమట, ప్లాటినం! లోపల రేకు ముక్కని తేలాలి. ఆ రిపోర్టు అత్తగారి ముందు పెట్టాలి.'

బకిల్ ఊడదీసి, ఆత్రంలో రుద్దకుండానే మెషిన్ మీద బిగించాడు. ఆర్గాన్ గ్యాస్ బుస్సుమంది. స్పార్క్ చిటపటలాడింది. మచ్చ తెల్లగా పాలిపోయి వచ్చింది. చెడ్డ బర్న్, అంటే స్పార్క్ సరిగా అంటలేదు. స్క్రీన్ నిండా పిచ్చి అంకెలు. పూత పోయేదాకా రుద్దితేగానీ అసలు లోహం మాట్లాడదన్నది ట్రైనింగులో మొదటి పాఠం. నాలుక కరుచుకుని, బకిల్ వెనక వైపు గ్రైండర్‌కి ఆనించి, మళ్లీ పెట్టాడు. ఈసారి మచ్చ గుండ్రంగా, నల్లటి అంచుతో వచ్చింది.

"అన్నయ్యా, నా బెల్టుతో ఏం చేస్తున్నావ్?"

"మరక పడితే తుడుస్తున్నాలే."

"నువ్వు బంగారం అన్నయ్యా!" హీరో బెల్టు బిగించుకుని కారు వైపు నడిచాడు. అందులో మేడమ్ ఎదురుచూస్తోంది.

నీడ స్క్రీన్ వైపు తిరిగాడు. అందులో ప్లాటినం జాడే లేదు. ఎక్కువ భాగం నికెల్. తర్వాత కోబాల్ట్, క్రోమియం, టంగ్‌స్టన్. అడుగున రీనియం. దాని కింద ఎర్ర అక్షరాల్లో 'ఇంజన్ బ్లేడ్ గ్రేడ్'.

గేటు దగ్గర అందరినీ డిటెక్టర్‌తో తడుముతారు. మేడమ్‌నీ వదలరు. చీఫ్ పాసున్న ఏజెంట్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. అసలు లోహాన్ని హీరో నడుముకే కట్టి మేడమ్ దాటిస్తోందన్నమాట!

వాచీలోని ట్రాన్స్‌మిటర్ మీద నీడ వేలు ఆగిపోయింది. ఊరుకుంటే? తోడల్లుడు దేశద్రోహి అవుతాడు. అత్తగారు నెత్తీ నోరూ బాదుకుంటుంది. సోఫా మధ్య సీటు ఖాళీ అవుతుంది. ఆ ఊహ పాడుగాను, ఎంత తీయగా ఉందో! కానీ పొద్దున మరదలు అన్న మాట గుర్తొచ్చింది. "బావగారూ, ఈయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి."

కారు గేటు దాటబోతోంది.

"గొడుగు చిరిగింది! గేటు దించండి!"

కడ్డీ బానెట్ మీద ధన్‌మని పడింది. మేడమ్ లిప్‌స్టిక్ తీసి హీరో కణతకి గురిపెట్టింది. హీరో ఆ మణికట్టు మెలిపెట్టాడు. తూటా కారు పైకప్పు చీల్చుకుపోయింది.

"శభాష్ హీరో!" చీఫ్ వాణ్ని కౌగిలించుకున్నాడు. మేడమ్‌నీ, ఆవిడకి బకిల్ పోతపోసిచ్చిన ఫౌండ్రీ మేస్త్రీనీ అప్పటికే లాక్కెళుతున్నారు. "అవునూ, నీడా, నీకు బకిల్ మీద అనుమానం ఎలా వచ్చిందయ్యా?"

"ట్రైనింగ్ సార్."

అందరూ వెళ్లాక నీడ జేబులోంచి కీచైన్ తీశాడు. తనకీ ఏదో ఒక రహస్యం అంటగట్టే ఉంటుంది కదా! ఈసారి తొందరపడలేదు. శ్రద్ధగా రుద్ది, స్పార్క్ ఇచ్చాడు.

జింక్. కాస్త అల్యూమినియం. ఏ ఫుట్‌పాత్ మీదైనా దొరికే సరుకు.

నమ్మలేక ఇంకో బర్న్ తీశాడు. మళ్లీ జింకే.

మోసం చేయడానికైనా ఆ మహాతల్లికి తోడల్లుడే దొరికాడు!